టైఫాయిడ్: జ్వరాల కాలం, మందులకు లొంగని క్రిమి

టైఫాయిడ్ మనుషుల్లో మాత్రమే బతికే జబ్బు. దీన్ని కలిగించే సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియాకు పశువుల్లో గాని పక్షుల్లో గాని చోటు లేదు. ఒక మనిషి మలమూత్రాల్లో బయటపడి, నీటి ద్వారానో తిండి ద్వారానో మరో మనిషి నోట్లోకి చేరితేనే దాని వంశం నిలుస్తుంది. దానికి దగ్గరి చుట్టమైన పారాటైఫీ-ఎ తెచ్చే జ్వరం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి వైద్యులు రెండింటినీ కలిపి ఎంటెరిక్ ఫీవర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో సుమారు 90 లక్షల మందికి టైఫాయిడ్ సోకింది. అందులో లక్షా పది వేల మంది చనిపోయారు. ఈ భారంలో పెద్ద వాటా దక్షిణాసియాదే.

ఈ జబ్బు మీద పరిశోధన చాలావరకు రెండు దారుల్లో నడిచింది. ఏ నెలల్లో ఎక్కువగా వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నది ఒకటి. ఏ మందుకు లొంగుతోంది, దేనికి లొంగడం మానేసింది అన్నది రెండోది. మొదటిది వానల లెక్కలు, నీటి గొట్టాలు చూసేవాళ్ల పనిగా, రెండోది ప్రయోగశాలలో క్రిమి జన్యువులు చదివేవాళ్ల పనిగా విడిపోయింది. నిజానికి రెండూ ఒకే సమస్య. మురుగు కలిసిన నీరు ఏటా తెచ్చిపెట్టే జ్వరాలను మందులతోనే నెట్టుకొచ్చిన దేశాల్లో, క్రిమి ఒక్కో మందునూ దాటుకుంటూ వచ్చింది.

ఒంట్లో క్రిమి నడక

నోటి ద్వారా లోపలికి పోయిన క్రిమి చిన్నపేగు గోడ దాటి, ఒంటిని కాపాడాల్సిన తెల్లరక్తకణాల్లోనే దాక్కుంటుంది. వాటితో పాటే కాలేయానికి, ప్లీహానికి, ఎముక మూలుగకు, పిత్తాశయానికి చేరుతుంది. అక్కడ పెరిగి మళ్లీ రక్తంలోకి వచ్చాకే జ్వరం మొదలవుతుంది. క్రిమి సోకడానికీ జ్వరం రావడానికీ మధ్య సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల దాకా సాగుతుంది. రోజురోజుకూ పెరిగే జ్వరం, తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, నాలుక మీద తెల్లటి పూత, కడుపునొప్పి, పెద్దవాళ్లలో మలబద్ధకం, పిల్లల్లో విరేచనాలు దీని లక్షణాలు. ఇవేవీ టైఫాయిడ్‌కే ప్రత్యేకం కావు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చికిత్స అందకపోతే మూడో వారానికి పేగుకు చిల్లు పడవచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు. యాంటీబయాటిక్స్ రాకముందు నూటికి 10 నుంచి 20 మంది చనిపోయేవారు. సరైన మందు వేళకు పడితే ఇప్పుడు ఆ సంఖ్య ఒకటికి లోపే.

జ్వరం తగ్గినవాళ్లందరినీ క్రిమి వదిలిపెట్టదు. నూటికి ఇద్దరు నుంచి ఐదుగురిలో అది పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్లున్నచోట, పొర కట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వీళ్లకు జ్వరమూ ఉండదు, నలతా ఉండదు. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ ఇలాంటి వాహకురాలు. ఆమెను 1907లో పట్టుకుని విడిగా ఉంచారు, 1910లో వదిలారు. మళ్లీ వంటపనిలో చేరి జబ్బు అంటిస్తోందని తేలడంతో 1915లో తిరిగి నిర్బంధించారు. 1938లో చనిపోయేదాకా ఆమె నిర్బంధంలోనే గడిపింది. జబ్బు లక్షణమే లేని మనిషి పాతికేళ్లకు పైగా బందీగా బతకడం ప్రజారోగ్య చరిత్రలో ఒక బాధాకరమైన అధ్యాయం. కేసులు తగ్గిపోయే నెలల్లో క్రిమి ఎక్కడ దాక్కుంటుందన్న ప్రశ్నకు ఈ వాహకులే ప్రధానమైన జవాబు. వానలు రాగానే అది కొత్తగా ఎక్కడి నుంచో ఊడిపడదు. ఊళ్లోనే, ఆరోగ్యంగా తిరిగే మనుషుల్లోనే ఉండి, దారి దొరికినప్పుడు బయటికి వస్తుంది.

ఏ నెలల్లో, ఎందుకు

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశాల్లో టైఫాయిడ్ ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ హెచ్చుతగ్గులు స్పష్టమవుతాయి. దక్షిణాసియాలో ఎక్కువ కేసులు ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు వెనకబట్టేదాకా వస్తాయి. ఖాట్మండులో మే నుంచి ఆగస్టు దాకా ఉధృతి ఉంటుంది. ఢాకాలో దాదాపు సగం కేసులు వానాకాలంలోనే నమోదయ్యాయి. ఉత్తర భారతంలో ఏప్రిల్, మే నెలల్లో పెరగడం మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. చలికాలంలో అన్నిచోట్లా తగ్గుముఖం పడుతుంది.

వాన పడిన మర్నాడే కేసులు పెరగవు. నీళ్లు చెడాలి, క్రిమి ఒంట్లో ఒకటి రెండు వారాలు పెరగాలి, జ్వరం వచ్చాక ఇంట్లో పారాసిటమాల్‌తో నాలుగైదు రోజులు గడవాలి, ఆ తర్వాతే రక్తపరీక్ష. అంటే కాలువలు పొంగిన రోజుకూ ఆస్పత్రి రిజిస్టరులో పేరు ఎక్కే రోజుకూ మధ్య మూడు నుంచి ఐదు వారాల దూరం ఉంటుంది. తొలకరికి కలుషితమైన నీటి ఫలితం శ్రావణంలో కనబడుతుంది. నీళ్ల విరేచనాలైతే రెండు మూడు రోజుల్లో బయటపడి, తప్పు ఏ గొట్టానిదో పట్టిస్తాయి. టైఫాయిడ్ బయటపడేసరికి ఆ గొట్టం సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. తనిఖీకి వచ్చినవాళ్లకు అప్పటికి శుభ్రమైన నీరే దొరుకుతుంది.

వాన ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. వాన పని చేయాలంటే మురుగుకూ మంచినీటికీ మధ్య ముందే ఒక సందు ఉండాలి. ఇరుకు బస్తీల్లో ఆ సందు కళ్లకు కనబడుతుంది. ఇళ్లకు వేసిన నల్లా గొట్టాలు మురికికాలువ అంచునో, ఒక్కోచోట కాలువలో నుంచో పోతుంటాయి. ఇనుప గొట్టమైతే కొన్నేళ్లకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. నీళ్లు రోజంతా వస్తుంటే లోపలి ఒత్తిడి వల్ల నీరు బయటికి కారుతుందే తప్ప మురుగు లోపలికి రాదు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదిలే చోట మిగతా వేళల్లో గొట్టం ఖాళీగా ఉండి చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. అందుకే నల్లా విప్పగానే మొదటి బిందె రంగు మారి, వాసనతో వస్తుంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని కొందరు నల్లాకే మోటారు బిగిస్తారు. దాంతో గొట్టంలో ఒత్తిడి ఇంకా పడిపోయి, పక్కింటి చిల్లులోంచి మురుగు వేగంగా లోపలికి పోతుంది. వానాకాలంలో కాలువలు నిండి ఈ గొట్టాలు మునిగే ఉంటాయి. వేసవిలో చెరువులు, బావులు అడుగంటి నీటి విడుదల తగ్గుతుంది కాబట్టి గొట్టాలు మరింత ఎక్కువసేపు ఖాళీగా ఉంటాయి. టైఫాయిడ్ వానలకు ముందే, ఎండాకాలంలోనే తల ఎత్తడానికి ఇదొక కారణం. ట్యాంకరు నీళ్లు, ఎక్కడి నీళ్లతో చేశారో తెలియని ఐసు, రోడ్డు పక్కన చెరకు రసం, కోసి ఉంచిన పండ్ల ముక్కలు దీనికి తోడవుతాయి. మంచులో పెట్టినా ఈ క్రిమి చావదు.

కలుషిత నీరు వానాకాలం దాకా ఆగదని హైదరాబాద్‌లోని భోలక్‌పూర్ 2009 మే నెలలో చూసింది. అక్కడ తాగునీటిలో మురుగు కలిసి జనం ప్రాణాలు కోల్పోయారు. ఆ జబ్బు టైఫాయిడ్ కాదు, వాంతులు విరేచనాలు. అయినా రెండింటి దారీ ఒకటే. 2022 వేసవిలో తెలంగాణలో మే, జూన్ నెలల్లో ఒక్కోదానిలో సుమారు 2,700 టైఫాయిడ్ కేసులు నమోదైనప్పుడు, రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకులు దాన్ని పానీపూరీ జబ్బు అనవచ్చన్నారు. తోపుడుబండి దగ్గర చేతి శుభ్రత ముఖ్యమే. కానీ బండివాడు పట్టుకొచ్చే నీళ్లు కూడా ఏదో ఒక నల్లావే. జబ్బుకు ఆ బండి పేరు పెడితే గొట్టం బాధ్యత మరుగున పడుతుంది.

వాన లేని కాలంలో టైఫాయిడ్ పెరిగిన నగరానికి దక్షిణ అమెరికాలోని శాంటియాగో గట్టి ఉదాహరణ. చిలీ రాజధాని అయిన ఆ ఊళ్లో 1970ల చివర, 1980లలో టైఫాయిడ్ ఏటా వేసవిలో, అంటే అక్కడ చినుకు పడని నెలల్లో, విపరీతంగా వచ్చేది. ఇళ్లకు వచ్చే నీరు మాత్రం క్లోరిన్ కలిపిన మంచినీరే. వానల్లేని ఆ నెలల్లో నగర శివార్లలోని ఆకుకూరలకు, కూరగాయలకు శుద్ధి చేయని మురుగునీరు పెట్టేవారు. పచ్చిగా తినే సలాడ్లతో క్రిమి ఇళ్లకు చేరేది. 1991లో పొరుగున పెరూలో కలరా చెలరేగడంతో భయపడిన చిలీ ప్రభుత్వం మురుగుతో కూరల సాగును గట్టిగా నిషేధించింది. కలరా కోసం చేసిన ఆ పనితో టైఫాయిడ్ కూడా ఒక్కసారిగా పడిపోయింది. ఏ కొత్త మందూ రాకుండానే ఆ ఊరి వేసవి ఉధృతి మాయమైంది. క్రిమి ఏ దారిలో వస్తోందో ఆ దారి తెరుచుకునే కాలమే జబ్బు కాలాన్ని నిర్ణయిస్తుందని ఇంత స్పష్టంగా చెప్పిన అనుభవం మరొకటి లేదు.

వానాకాలపు జ్వరం, విడాల్ కాగితం

తెలుగు పత్రికలు ఏటా విషజ్వరాలు అని రాసే రోజుల్లో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, ఫ్లూ, టైఫాయిడ్ అన్నీ ఒకేసారి ఉంటాయి. మొదటి మూడు నాలుగు రోజుల్లో వీటిని మనిషిని చూసి వేరుచేయడం అనుభవం ఉన్న వైద్యుడికైనా కష్టమే. అక్కడ విడాల్ పరీక్ష రంగంలోకి వస్తుంది. 1896లో ఫెర్నాండ్ విడాల్ పేరుతో వచ్చిన ఈ పరీక్ష క్రిమిని చూపదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను చూపుతుంది. ఒకప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలోనూ, చుట్టుపక్కల క్రిమి తిరిగే ఊళ్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ, వేరే జ్వరాలు వచ్చినవాళ్లలోనూ ఇది పాజిటివ్ రావచ్చు. జ్వరం మొదటి వారంలో నిజంగా టైఫాయిడ్ ఉన్నా నెగటివ్ రావచ్చు. ల్యాబ్ కాగితం మీద ఓ 1:160, హెచ్ 1:160 అని రెండు వరుసలు కనబడగానే ఇంట్లోవాళ్లు టైఫాయిడ్ అని ఖాయం చేసుకుంటారు. అదే కాగితం మీద డెంగీ కూడా పాజిటివ్ అని ఉంటే రెండూ వచ్చాయంటారు. నిజానికి రెండూ ఒకేసారి రావడం అరుదు.

నమ్మదగిన పరీక్ష బ్లడ్ కల్చర్. అదీ నూటికి సుమారు అరవై కేసులనే పట్టుకుంటుంది. ముందే ఏదో ఒక యాంటీబయాటిక్ పడి ఉంటే అంత కూడా పట్టుకోదు. ఫలితానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. మండల కేంద్రాల్లో చాలాచోట్ల ఆ సదుపాయమే లేదు. కానీ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పేది కల్చర్ ఒక్కటే. విడాల్ మీద ఆధారపడిన ఊళ్లో ఎన్ని టైఫాయిడ్లు వచ్చాయో తెలియదు, వచ్చినవాటిలో ఎన్ని మందులకు లొంగని మొండివో అంతకంటే తెలియదు.

భారతదేశంలో అసలు భారం ఎంతో కల్చర్ ఆధారంగా తేల్చడానికి 2017 నుంచి 2020 దాకా పెద్ద అధ్యయనం జరిగింది. ఢిల్లీ, కోల్‌కతా, వెల్లూరు నగర బస్తీల్లోనూ పుణె దగ్గరి పల్లెల్లోనూ ఆరు నెలల నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలను వారం వారం కనుక్కుంటూ, జ్వరం వచ్చినప్పుడు రక్తం కల్చర్ చేశారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. నగర ప్రాంతాల్లో ఏడాదికి ప్రతి లక్ష మంది పిల్లల్లో 576 నుంచి 1,173 మందికి టైఫాయిడ్ వచ్చింది. పుణె పల్లెల్లో ఆ సంఖ్య 35 మాత్రమే. ఒకే దేశం, పదహారు నుంచి ముప్ఫై మూడు రెట్ల తేడా. జనం కిక్కిరిసిన చోట నీరూ మురుగూ ఎలా నడుస్తున్నాయన్నదే ఈ తేడాకు కారణమని చెప్పడానికి సాహసం అక్కర్లేదు.

ఒక్కో మందూ చేజారిన తీరు

1948లో అమెరికన్ వైద్యుడు థియోడర్ వుడ్‌వర్డ్ బృందం మలయాలో స్క్రబ్ టైఫస్‌కు క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందు ఇచ్చి చూస్తోంది. స్క్రబ్ టైఫస్ అనుకుని మందు వేసినవాళ్లలో కొందరికి అసలు ఉన్నది టైఫాయిడ్ అని తర్వాత తేలింది. వాళ్ల జ్వరం కూడా తగ్గిపోయింది. అలా టైఫాయిడ్‌కు తొలి మందు అనుకోకుండా దొరికింది. నోట్లో వేసుకునే చవకైన మాత్ర వారాల తరబడి సాగే మరణభయాన్ని కొద్దిరోజుల జ్వరంగా మార్చింది. రక్తకణాల ఉత్పత్తిని దెబ్బతీసే ప్రమాదం అరుదుగా ఉన్నా, రెండు దశాబ్దాలకు పైగా దానికి తిరుగులేకపోయింది.

1972లో ఆ కాలం ముగిసింది. మెక్సికోలో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ 10,000 మందికి పైగా సోకింది. అదే ఏడాది కేరళలోని కోళికోడ్‌లోనూ అలాంటి క్రిమే బయటపడింది. నిరోధకతనిచ్చే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉన్నాయి. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి, ఒక జాతి నుంచి వేరే జాతికి కూడా ఆ వలయం బదిలీ అవుతుంది. క్లోరాంఫెనికాల్‌కు బదులు ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ వాడారు. 1980ల చివరికి ఈ మూడింటికీ ఒకేసారి లొంగని క్రిమి దక్షిణాసియాలో వ్యాపించింది. హెచ్58 అని పేరుపెట్టిన ఒక వంశం దీని వెనుక ఉంది. అది దక్షిణాసియా నుంచి ఆగ్నేయాసియాకు, తూర్పు ఆఫ్రికాకు పాకి, వెళ్లినచోటల్లా పాత రకాలను పక్కకు నెట్టేసింది.

1990లలో అందరూ సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఆశ్రయించారు. అది వేగంగా పనిచేసేది, తిరగబెట్టడం తక్కువ, వాహకులు మిగిలిపోవడమూ తక్కువ. ఇక్కడ క్రిమి పద్ధతి మార్చింది. ప్లాస్మిడ్ అవసరం లేకుండా, మందు పట్టుకునే జైరేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందు ప్రభావం తగ్గింది. ఇంకో రెండు మార్పులు తోడైతే పూర్తిగా పనిచేయడం మానేసింది. ఈ మూడు మార్పులున్న రకం భారత ఉపఖండంలోనే మరోచోట పుట్టి నేపాల్‌కు వెళ్లింది. అక్కడ సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికే చెందిన గాటిఫ్లాక్సాసిన్‌ను సెఫ్‌ట్రయాక్సోన్‌తో పోల్చి చూస్తున్న వైద్య ప్రయోగాన్ని, మందు విఫలమైన రోగులు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. ఇప్పుడు భారతదేశంలో టైఫీ నమూనాల్లో నూటికి తొంభైకి పైగా సిప్రోఫ్లాక్సాసిన్‌కు సరిగా లొంగవు. అయినా సెఫిక్సిమ్, ఒఫ్లాక్సాసిన్ కలిపిన మాత్రలు టైఫాయిడ్ పేరు చెప్పి ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. అందులో సగం మందు, అంటే అదే కుటుంబానికి చెందిన ఒఫ్లాక్సాసిన్, ఈ జబ్బుకు దాదాపు దండగ, పేగుల్లోని మిగతా బ్యాక్టీరియాకు మాత్రం నిరోధకత నేర్పే పాఠం.

ఒక వింత ఇక్కడ గమనించాలి. వాడకం తగ్గాక పాత మందులకు క్రిమి మళ్లీ లొంగుతోంది. భారత వైద్య పరిశోధన మండలి పర్యవేక్షణలో తేలిన లెక్కల ప్రకారం, ఈ దేశంలో టైఫీ నమూనాల్లో నూటికి తొంభైకి పైగా ఇప్పుడు క్లోరాంఫెనికాల్‌కు, ఆంపిసిలిన్‌కు, కోట్రైమాక్సజోల్‌కు లొంగుతున్నాయి. ప్లాస్మిడ్‌ను మోయడం క్రిమికి భారం కాబట్టి, అవసరం లేనప్పుడు అది దాన్ని వదిలేసింది. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో ఆ ఆశ లేదు. జైరేజ్‌లో వచ్చిన మార్పు క్రిమికి భారం కాదు, మందు లేనిచోట కూడా అది బాగానే పెరుగుతుంది. కాబట్టి ఆ మందును పదేళ్లు పక్కన పెట్టినా పాత రోజులు తిరిగిరావు.

తర్వాత వంతు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్‌ది. 2016 నవంబరులో పాకిస్థాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో దానికీ లొంగని టైఫాయిడ్ మొదలైంది. పాత మూడు మందులు, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్‌ట్రయాక్సోన్ కలిపి ఐదింటికి అది లొంగలేదు. 2018 చివరికి సింధ్‌లో 5,000కు పైగా ఇలాంటి కేసులు తేలాయి. జన్యువులు చదివి చూస్తే క్రిమి పాత హెచ్58 వంశానిదే. సెఫ్‌ట్రయాక్సోన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ జన్యువున్న ప్లాస్మిడ్ మాత్రం కొత్తది, పేగుల్లో సహజంగా ఉండే ఈ-కోలై దగ్గర నుంచి వచ్చినట్టుంది. ఈ వివరం బరువైనది. టైఫాయిడ్ మందులను టైఫాయిడ్‌కు మాత్రమే జాగ్రత్తగా వాడితే సరిపోదని ఇది చెబుతోంది. విరేచనాలకు, దగ్గుకు, ఆపరేషన్ తర్వాత వాడిన ప్రతి యాంటీబయాటిక్ పేగులోని ఈ-కోలైని మొండిగా మారుస్తుంది. టైఫీ ఆ పేగులోకే వచ్చి దానితో కలిసి బతుకుతుంది. భారతదేశంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కు లొంగని టైఫీ ఇప్పటికి అరుదే. ముంబైలోనూ గుజరాత్‌లోనూ మాత్రం కనబడింది, అదీ సింధ్ రకానికి సంబంధం లేని వేరే ప్లాస్మిడ్లతో. అంటే సరిహద్దు దాటి రావాల్సిన పనిలేకుండా ఇక్కడే పుడుతోంది.

నోటి ద్వారా వేసుకోదగ్గ మందుల్లో గట్టిగా మిగిలింది అజిత్రోమైసిన్. దానికీ తొలి దెబ్బ తగిలింది. బంగ్లాదేశ్‌లో 2013లో సేకరించిన ఒక నమూనాలో, మందును కణం బయటికి తోసే పంపు జన్యువులో ఒక్క మార్పు ఉన్నట్టు 2019లో గుర్తించారు. తర్వాత అలాంటి మార్పు నేపాల్, పాకిస్థాన్, భారతదేశాల్లోనూ విడివిడిగా వచ్చింది. ఐదు మందులకు లొంగని సింధ్ రకం ఈ మార్పును కూడా సంపాదించుకుంటే, ప్రతి టైఫాయిడ్ రోగినీ ఆస్పత్రిలో చేర్చి మెరొపెనెం లాంటి ఖరీదైన ఇంజెక్షన్లు ఎక్కించాల్సి వస్తుంది. నిలబడలేనంత జ్వరం ఉన్నా కూలి పోతుందని ఇంట్లోనే ఉండే కుటుంబాలకు అది చికిత్స లేనట్టే.

దక్షిణాసియా నుంచి సేకరించిన వేల నమూనాల జన్యువులు చదివిన 2022 నాటి అధ్యయనం, 1990 తర్వాత మొండి టైఫీ దేశాల సరిహద్దులు దాదాపు 200 సార్లు దాటిందని తేల్చింది. అమెరికాలో నమోదయ్యే టైఫాయిడ్‌లో అధికభాగం దక్షిణాసియాకు వెళ్లి వచ్చినవాళ్లదే. హోటళ్లలో దిగే పర్యాటకుల కంటే చుట్టాల ఇళ్లకు వచ్చేవాళ్లకే ఎక్కువ సోకుతుంది. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు పిల్లలకు బడి సెలవులిచ్చే జూన్, జూలై నెలల్లో ఊరికి వస్తాయి. ఇక్కడ క్రిమి ఉధృతంగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ప్రయాణానికి ముందు టీకా వేయించుకోవాలని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పే సలహాను, సొంత ఊరికే కదా అని చాలామంది పట్టించుకోరు.

కాలమూ నిరోధకతా కలిసే చోటు

ఒక ఊళ్లో మొండి క్రిముల వాటా జూలైలో పెరిగి జనవరిలో తగ్గిపోదు. అది నెలలను బట్టి కాదు, ఏళ్లను బట్టి, ఏ వంశం ఏ వంశాన్ని నెట్టేసిందన్నదాన్ని బట్టి మారుతుంది. కాలం చేసే పని వేరు. మూడు నాలుగు నెలల్లో కొన్ని లక్షల జ్వరాలను, వాటితో పాటు యాంటీబయాటిక్ వాడకాన్ని ఒక్కచోట కుప్పపోస్తుంది.

ఆ రోజుల్లో పల్లెలో జ్వరం వచ్చినవాళ్ల దారి దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మూడు అజిత్రోమైసిన్ మాత్రలు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిల్, అందులో సెఫ్‌ట్రయాక్సోన్. రెండు రోజులకూ జ్వరం దిగకపోతే టౌన్‌లో ఇంకో ఆస్పత్రి, ఇంకో మందు. టైఫాయిడ్‌కు అజిత్రోమైసిన్ ఏడు రోజులు, బరువును బట్టి ఎక్కువ మోతాదులో వేయాలి. మూడు మాత్రలు క్రిమిని చంపవు, కల్చర్‌లో దొరక్కుండా మాత్రం చేస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సరైన మందు సరైన మోతాదులో పడినా టైఫాయిడ్ జ్వరం తగ్గడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. క్రిమి కణాల లోపల దాక్కుని ఉండడమే దీనికి కారణం. మూడో రోజున జ్వరం ఉందంటే మందు పనిచేయలేదని కాదు. వైద్యుడు మొదటి రోజే ఈ మాట చెబితే మందులు మార్చే పరుగు చాలావరకు ఆగుతుంది. అసలు టైఫాయిడే లేని డెంగీ, ఫ్లూ రోగులు కూడా ఇదే దారిలో నడిచి, ఇవే మందులు మింగుతారు. వాళ్ల పేగుల్లో మొండిగా మారిన బ్యాక్టీరియా అదే వానకు పొంగిన అదే మురుగులో కలుస్తుంది.

సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందులను చీటీ లేకుండా అమ్మకూడదనీ, అమ్మితే కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయాలనీ చెప్పే హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. కాగితం మీద అది గట్టి నిబంధనే. కిలోమీటర్ల దూరంలో వైద్యుడు లేని ఊళ్లో దాన్ని అక్షరాలా అమలు చేస్తే అవసరమైనవాడికీ మందు అందదు. అందుకే దుకాణాల మీద దాడులు చేసినంత మాత్రాన ఇది తీరదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడుండాలి, జిల్లా ఆస్పత్రిలో కల్చర్ పరీక్ష ఉచితంగా జరగాలి.

మందులు క్రిములకు ఎదురుపడేది ఒంటి లోపలే కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ చుట్టుపక్కల మట్టిలో, నీటిలో మొండి బ్యాక్టీరియా విరివిగా ఉన్నట్టు తర్వాతి అధ్యయనాలు చూపాయి. దేశానికంతా మందులు చేసిపెట్టే ప్రాంతం ఈ లెక్కను తీవ్రంగా పట్టించుకోవాలి.

టీకా, నీరు

టీకా విషయంలో మాత్రం అదే హైదరాబాద్ ప్రపంచానికి మేలు చేసింది. టైఫీ మీద ఉండే వీ అనే చక్కెర పొరను ఒక ప్రొటీన్‌తో జతచేసి తయారుచేసిన కాంజుగేట్ టీకాను ఆరు నెలల పసివాళ్లకు కూడా వేయవచ్చు, ఒక్క డోసు చాలు. భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీకి 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. 2020లో బయలాజికల్ ఇ టీకాకూ ఆ గుర్తింపు వచ్చింది. నేపాల్, మలావి, బంగ్లాదేశ్‌లలో జరిగిన ప్రయోగాల్లో టైప్‌బార్ టీకా పిల్లల్లో నూటికి 80 నుంచి 85 దాకా టైఫాయిడ్‌ను ఆపింది. సింధ్‌లోని హైదరాబాద్‌లో ఉధృతి మధ్యలోనే 2 లక్షలకు పైగా పిల్లలకు వేసినప్పుడు మొండి రకం మీద కూడా అంతకంటే మెరుగ్గానే పనిచేసింది. మందుకు లొంగినా లొంగకపోయినా క్రిమి పైపొర ఒకటే కాబట్టి టీకాకు ఆ తేడా లేదు. పాకిస్థాన్ 2019లో దీన్ని సాధారణ టీకాల జాబితాలో చేర్చి ప్రపంచంలో మొదటి దేశమైంది. నేపాల్ 2022లో చేర్చింది. భారతదేశంలో నవీ ముంబై నగరపాలక సంస్థ 2018లో సొంతంగా పిల్లలకు వేయించింది. జాతీయ కార్యక్రమంలో చేర్చాలని నిపుణుల సలహా సంఘం 2022లో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు అమలు ఇంకా ఆలస్యం కాకూడదు. టీకా తయారైన నగరంలోని బస్తీ పిల్లలకు అది డబ్బు పెట్టి కొనుక్కునే వస్తువుగా ఉండడం న్యాయం కాదు. వేయడమంటూ మొదలుపెడితే ఫిబ్రవరి, మార్చిలలో వేసే టీకా ఆ ఏటి ఉధృతికి ముందే పనిచేస్తుంది.

నీటి సంగతి టీకా తీర్చలేదు. ఇంగ్లండ్, అమెరికా నగరాలు 20వ శతాబ్దం మొదట్లోనే నీటిని వడపోసి, క్లోరిన్ కలిపి, మురుగును వేరుచేసి టైఫాయిడ్‌ను చాలావరకు వదిలించుకున్నాయి. అప్పటికి క్లోరాంఫెనికాల్ పుట్టనేలేదు. రోజంతా ఒత్తిడితో నీరు వదలడం, కాలువలో పోయే గొట్టాలను మార్చడం, నల్లా చివర క్లోరిన్ మిగిలిందో లేదో తొలకరికి ముందే చూడడం ఏ నగరపాలక సంస్థకైనా తెలిసిన పనులే. జ్వరాల నెలల్లో జరిగే క్లోరినేషన్ హడావుడి చాలావరకు ఆలస్యమైన పని, ఆ కేసుల బీజం నెల ముందే పడి ఉంటుంది. బావులున్న ఊళ్లలో నీళ్లు మరిగించి తాగడం ఇప్పటికీ మంచి రక్షణే, కానీ కట్టెలో గ్యాసో కొనుక్కోవాల్సిన ఇంటి మీద ఆ భారం మొత్తం వేయడం సరికాదు.

పారాటైఫీ-ఎ మీద వీ పొర ఉండదు కాబట్టి ఇప్పుడున్న టీకాలు దాన్ని ఆపవు. టైఫీ తగ్గేకొద్దీ ఆ జ్వరం వాటా పెరిగే అవకాశం ఉంది. అది కూడా సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఇప్పటికే చాలావరకు లొంగడం మానేసింది. రెండింటినీ కలిపి ఆపే జంట టీకాను పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసింది, అది మనుషుల మీద పరీక్షల దశలో ఉంది.